నాలుగు పోస్టుకార్డుల మీద కారు

మీకొక బాబాయి ఉన్నాడనుకుందాం. హైదరాబాదులో గాంధీనగర్‌లో కాపురం. చిన్నతనం నుంచి ఆయనకు స్పోర్ట్స్ కార్లంటే తగని మోజు. కొత్తది కొనాలంటే మాటలు కాదు గదా! అందుకని పన్నెండేళ్ల నాటి ఎర్రరంగు కారొకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. దాని మొదటి యజమాని ఎక్కువకాలం షెడ్డులోనే ఉంచాడట. మీటరు చూస్తే తిరిగిన దూరం తక్కువే. రంగు తళతళలాడుతోంది. టైర్ల మీద గాడులు కూడా లోతుగానే ఉన్నాయి.

జూన్ నెలలో ఒక సాయంత్రం తొలకరి జల్లు పడి వెలిసింది. బాబాయి మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని అశోక్ నగర్ మీదుగా ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ వైపు బయల్దేరాడు. దూరంగా ఎర్రదీపం వెలిగింది. బాబాయి బ్రేకు తొక్కాడు. కారు ఆగినట్టే ఆగి, ముందుకు జారింది. తెల్లగీత దాటి, రోడ్డు దాటుతున్న మనుషులకు రెండడుగుల దూరంలో నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని మీ ఇద్దరి గుండెలూ దడదడ కొట్టుకున్నాయి.

మర్నాడు మెకానిక్ కారంతా చూశాడు. "బ్రేకులు బాగానే ఉన్నాయి సార్. టైర్లు కూడా కొత్తవాటిలాగే ఉన్నాయి" అన్నాడు.

మరి తప్పు ఎక్కడుంది? రండి, మనమే వెతుకుదాం. ఈ అన్వేషణలో మీ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కొంచెం లెక్కలు అన్నీ అక్కరకొస్తాయి.

కారును ఆపేది ఏది?

బ్రేకు అని చాలామంది చెబుతారు. జాగ్రత్తగా ఆలోచించండి. బ్రేకు చక్రం తిరగకుండా పట్టుకుంటుంది. అంతవరకే దాని పని. కదులుతున్న వస్తువును ఆపాలంటే బయటినుంచి బలం పనిచేయాలని న్యూటన్ నియమం చెబుతుంది. కారుకు బయట ఉన్నది రోడ్డు. రోడ్డుకూ టైరుకూ మధ్య ఉండే ఘర్షణ బలమే కారును ఆపుతుంది. కారును ముందుకు నెట్టేదీ, మలుపులో తిప్పేదీ కూడా ఆ ఘర్షణే. ఇంజను ఎంత శక్తిగలదైనా, బ్రేకులు ఎంత ఖరీదైనవైనా, వాటి పని రోడ్డును చేరేది టైర్ల ద్వారానే.

ఆ టైరు రోడ్డును ఎంత మేర తాకుతోంది? ఇది సులభంగా లెక్క కట్టవచ్చు. మనుషులతో కలిపి కారు బరువు 1,200 కిలోలు అనుకుందాం. నాలుగు చక్రాలు సమానంగా మోస్తే ఒక్కొక్కదాని మీద 300 కిలోలు. టైరులో గాలి పీడనం 32 పౌండ్లు. అంటే చదరపు అంగుళానికి 32 పౌండ్లన్నమాట. మన కొలతలో ఇది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు. బరువును పీడనంతో భాగిస్తే వైశాల్యం వస్తుంది. 300ను 2.25తో భాగించండి. దాదాపు 133 చదరపు సెంటీమీటర్లు!

మన తపాలా శాఖ పోస్టుకార్డు పొడవు 14 సెంటీమీటర్లు, వెడల్పు 9 సెంటీమీటర్లు. వైశాల్యం 126. చూశారా? టైరు పక్కభాగాల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఈ లెక్క సుమారైనదే. అయినా సంగతి అర్థమైంది గదా! అంత పెద్ద కారు, అందులోని మనుషులు, ఎదురుగా రోడ్డు దాటేవారు, వీరందరి క్షేమమూ నాలుగు పోస్టుకార్డులంత నేల మీద ఆధారపడి ఉంది.

పది మీటర్ల తేడా

ఘర్షణ ఎంత గట్టిదో చెప్పే అంకెను ఘర్షణ గుణకం అంటారు. మంచి టైరుకు పొడి రోడ్డు మీద ఇది 0.8 దాకా ఉంటుందనుకుందాం. తడి రోడ్డు మీద అదే టైరుకు 0.6, గట్టిపడిన పాత టైరుకు 0.4 అని తీసుకుందాం. ఇవి మన లెక్క కోసం తీసుకున్న విలువలు. రోడ్డును బట్టి, రబ్బరును బట్టి మారుతుంటాయి.

బ్రేకు వేశాక కారు ఆగే దూరం కావాలంటే వేగాన్ని వేగంతో గుణించి, ఆ వచ్చినదాన్ని ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, 2 ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. లెక్క చేస్తే ఇలా వస్తుంది:

పొడి రోడ్డు, మంచి టైరు: సుమారు 18 మీటర్లు.
తడి రోడ్డు, మంచి టైరు: సుమారు 24 మీటర్లు.
తడి రోడ్డు, గట్టిపడిన టైరు: సుమారు 35 మీటర్లు.

తేడా పదకొండు మీటర్లే గదా అనిపించవచ్చు. కాని ఇంకో ప్రశ్న వేసుకోండి. మంచి టైర్ల కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి చేరేసరికి, గట్టిపడిన టైర్ల కారు ఎంత వేగంతో ఉంటుంది? లెక్క కడితే గంటకు దాదాపు 35 కిలోమీటర్లు! ఆ చోట సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుని ఇంటికి పోతున్న విద్యార్థి ఎవరైనా రోడ్డు దాటుతుంటే? ఒక కారు అతని ముందు నిలబడుతుంది. రెండోది ఢీకొంటుంది. టైరు ఎంపిక కారు యజమాని ముచ్చటకు సంబంధించిన విషయం మాత్రమే కాదని ఈ ఒక్క లెక్క చెబుతోంది.

రబ్బరు ఎందుకు పట్టుకుంటుంది?

ఘర్షణ తాకే వైశాల్యంపై ఆధారపడదని మీ పాఠ్యపుస్తకంలో చదివి ఉంటారు. చెక్క మీద చెక్కకు, ఇనుము మీద ఇనుముకు అది చాలావరకు నిజం. మరి స్పోర్ట్స్ కార్లకు అంత వెడల్పు టైర్లెందుకు?

ఎందుకంటే రబ్బరు ఆ నియమానికి పూర్తిగా లొంగదు. దాని అణువులు సేమ్యా పోగుల్లా పొడవుగా, చిక్కుపడి ఉంటాయి. పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి అంటుకుంటుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ గుణం పోతుందని కనుగొన్నాడు. గంధకం పోగుకూ పోగుకూ మధ్య చిన్న వంతెనలు కడుతుంది. దీన్నే వల్కనైజేషన్ అంటారు. టైరు నల్లగా ఉండటానికి కారణం అందులో కలిపే కార్బన్ బ్లాక్ అనే మెత్తని మసి. అది రబ్బరుకు బలాన్నిస్తుంది. ఈమధ్య సిలికా కూడా కలుపుతున్నారు. తడి రోడ్డు మీద పట్టు పెరగడానికి అది తోడ్పడుతుంది.

ఇలాంటి రబ్బరు రోడ్డును రెండు విధాలుగా పట్టుకుంటుంది. మొదటిది, దాని అణువులు రోడ్డు ఉపరితలానికి క్షణకాలం అంటుకుని విడిపోవడం. రెండోది, రోడ్డులోని కంకర ఎత్తుపల్లాల్లోకి రబ్బరు ఒదిగి, మళ్లీ నెమ్మదిగా తన ఆకారానికి రావడం. ఒదిగేటప్పుడు తీసుకున్న శక్తి అంతా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారిపోతుంది. కారు గతిశక్తి ఆ విధంగా కూడా ఖర్చవుతుంది. తడి రోడ్డు మీద నీటిపొర అడ్డుపడి మొదటి పట్టు చాలా తగ్గిపోతుంది. అప్పుడు ఆదుకునేది రెండోదే. రబ్బరు మెత్తగా ఉంటేనే కంకరలోకి ఒదుగుతుంది.

ఇప్పుడు బాబాయి కారు రహస్యం విడిపోతోంది. టైరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఎండ వేడి కలిసి రబ్బరు పోగుల మధ్య కొత్త వంతెనలు కడుతూ పోతాయి. వంతెనలు ఎక్కువైతే పోగులు కదలలేవు. రబ్బరు గట్టిపడుతుంది, సన్నని పగుళ్లు కనిపిస్తాయి. మీ కంపాస్ పెట్టెలో మూలన పడి ఉన్న పాత రబ్బరును చూడండి. దాని అంచులు అరగలేదు, అయినా అది తుడవదు. కాగితం మీద జారిపోతుంది. షెడ్డులో ఉన్న కారు టైరు గతి కూడా అంతే. గాడులు లోతుగా ఉన్నాయి, రబ్బరు ముసలిదైంది.

టైరు మీది భాష

టైరు వయస్సు తెలుసుకోవడం ఎలా? టైరు పక్కభాగం మీద డి.ఓ.టి. అనే అక్షరాలున్నచోట వెతకండి. ఆ వరుస చివర నాలుగు అంకెలుంటాయి. కొన్నిసార్లు అవి టైరుకు ఒకవైపే ఉంటాయి. అందుకని కారు కిందికి వంగి లోపలివైపు కూడా చూడాలి. బాబాయి కారు టైరు మీద 3814 అని ఉందనుకుందాం. మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. అంటే 2014లో 38వ వారంలో, సెప్టెంబరు నెలలో ఈ టైరు తయారైంది. పదేళ్లు దాటిపోయింది! అయిదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలనీ, పదేళ్లు నిండితే గాడులు ఎంత లోతున్నా తీసివేయాలనీ పలు టైరు కంపెనీలు చెబుతాయి.

సరే, దోషి దొరికింది. ఇక కొత్త టైర్లు ఎంచుకోవాలి. దానికి కూడా టైరు మీది భాష చదవడం రావాలి. బాబాయి కారు టైరు మీద ఇలా ఉంది: 205/55 ఆర్ 16 91 వి.

205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే పక్కభాగం ఎత్తు వెడల్పులో 55 శాతమని. ఆర్ అంటే రేడియల్. టైరు లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నిట్టనిలువుగా పోతాయి. పాతకాలపు టైర్లలో అవి ఏటవాలుగా ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ ఉండేవి. ఫ్రాన్సులోని మిషెలిన్ కంపెనీ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. 16 అంటే టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే వరుసలో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ కలిసిపోయాయి, తమాషాగా లేదూ?

91 అనేది బరువు సూచిక. 91 కిలోలు అనుకుంటే పొరపాటు. పట్టికలో ఆ సూచికకు ఎదురుగా 615 కిలోలని ఉంటుంది. నాలుగు టైర్లూ కలిసి 2,460 కిలోలు మోయగలవు. చివరి అక్షరం వేగ సూచిక. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, టి అంటే 190, హెచ్ అంటే 210, వి అంటే 240, డబ్ల్యు అంటే 270.

మన రోడ్ల మీద 240 కిలోమీటర్ల వేగంతో ఎవరూ పోరు, పోకూడదు. అలాంటప్పుడు వి టైరు ఎందుకు? చౌకగా వచ్చే టి టైరు వేసుకుంటే పోదా? కూడదు. టైరు దొర్లుతున్నంతసేపూ వంగుతూ, సాగుతూ వేడెక్కుతుంది. వేగ సూచిక ఎక్కువున్న టైరు ఆ వేడిని ఎక్కువగా తట్టుకునేలా తయారవుతుంది. కారు తయారుచేసినవారు దాని బరువు, శక్తి లెక్కగట్టి ఒక సూచిక చెప్పారు. దానికి తగ్గకూడదు. ఆ వివరం, గాలి ఎంత కొట్టించాలో కూడా, డ్రైవరు తలుపు చట్రం మీదనో పెట్రోలు మూత లోపలనో అంటించి ఉంటుంది.

వెడల్పు పెరిగితే మంచిదేనా?

బాబాయికి ఇంకో కోరిక ఉంది. 18 అంగుళాల రిమ్ములు, వాటికి పట్టీలా సన్నని పక్కభాగం గల 225/40 టైర్లు వేయించాలని. "చూడ్డానికి ఎంత బాగుంటుందో!" అంటున్నాడు. మనం లెక్క చేసి చూద్దాం.

ఇప్పటి టైరు పక్కభాగం ఎత్తు 205లో 55 శాతం, అంటే సుమారు 113 మిల్లీమీటర్లు. రిమ్ము 16 అంగుళాలు, అంటే 406 మిల్లీమీటర్లు. పైన ఒక పక్కభాగం, కింద ఒకటి కలిపితే చక్రం వ్యాసం 632 మిల్లీమీటర్లు. కొత్త కొలతకు పక్కభాగం 90, రిమ్ము 457, మొత్తం వ్యాసం 637. తేడా ఒక శాతంలోపే. స్పీడోమీటరుకు పెద్దగా ఇబ్బంది లేదు. కాని తెలియక 205/65 ఆర్ 16 వేయిస్తే వ్యాసం 673 అవుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే కారు ఆరున్నర శాతం ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరు చక్రం చుట్లనే లెక్కపెడుతుంది గదా! అది 60 చూపేటప్పుడు అసలు వేగం దాదాపు 64 ఉంటుంది.

225/40లో ఇబ్బంది మరోచోట ఉంది. రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఉండే గాలి దిండు 113 మిల్లీమీటర్ల నుంచి 90కి తగ్గింది. గుంతలో పడ్డప్పుడు టైరు నలిగి రిమ్ముకు తగులుతుంది. లోపలి దారాలు తెగితే పక్కభాగం మీద బొబ్బలా ఉబ్బుతుంది. అలా ఉబ్బిన టైరు ఎప్పుడైనా పగలవచ్చు. వానాకాలంలో మన వీధుల్లో గుంతలకు కొదవా?

పోనీ, వెడల్పు పెరిగితే రోడ్డును తాకే నేలైనా పెరుగుతుందా? గాలి పీడనం అంతే ఉంటే, బరువూ అంతే ఉంటే, వైశాల్యం దాదాపు అంతే! పోస్టుకార్డు అడ్డంగా తిరుగుతుంది, అంతే. పొడి రోడ్డు మీద మలుపుల్లో అడ్డంగా ఉన్న కార్డు మేలు చేస్తుంది. స్పోర్ట్స్ కార్లకు వెడల్పు టైర్లు వేయడానికి అదొక కారణం. నీళ్లు నిలిచిన రోడ్డు మీద మాత్రం అదే వెడల్పు బరువవుతుంది. ఎలాగో చూడండి.

సెకనుకు ఏడు లీటర్లు

రోడ్డు మీద రెండు మిల్లీమీటర్ల నీరు నిలిచిందనుకోండి. టైరు 20 సెంటీమీటర్ల వెడల్పున తాకుతూ 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. సెకనుకు అది దాటే నీరెంత? వెడల్పు, లోతు, వేగం గుణించండి. దాదాపు ఏడు లీటర్లు! ఒక్కొక్క టైరు ప్రతి సెకనూ సగం బకెట్టు నీటిని పక్కకు తోసేయాలి. ఈ పని చేసేవే గాడులు. అవి నీటిని మింగి వెనక్కీ పక్కలకూ పంపే కాలువలు. టైరు వెడల్పయితే తోయవలసిన నీరు ఎక్కువ. గాడులు అరిగితే కాలువలు పూడినట్టే.

నీటిని తోసే సమయం చాలకపోతే టైరు కింద నీటి దిండు ఏర్పడి, టైరు రోడ్డును వదిలేసి తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా ఫలితముండదు. 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా శాస్త్రజ్ఞులు విమానాల టైర్ల మీద ప్రయోగాలు చేసి దీనికొక సూత్రం చెప్పారు. టైరు గాలి పీడనాన్ని పౌండ్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 16.6తో గుణిస్తే, తేలిపోయే వేగం గంటకు కిలోమీటర్లలో సుమారుగా వస్తుంది. గాడులు అరిగి, నీరు లోతుగా ఉన్నప్పటి మాట ఇది. 32 పౌండ్లకు 94 కిలోమీటర్లు. గాలి దిగి 25 పౌండ్లయితే 83 కిలోమీటర్లకే తేలుతుంది. గాలి సరిగా కొట్టించడం కూడా ప్రాణరక్షణే!

గాంధీనగర్, అశోక్ నగర్ వాసులకు నీటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. హుస్సేన్ సాగర్ మిగులు నీటిని తీసుకుపోయే నాలా ఈ పేటల పక్కగానే పోతుంది. 2000 ఆగస్టులో కురిసిన కుంభవృష్టికి ఈ ప్రాంతమంతా మునిగింది. అంత వాన అక్కరలేదు. తొలకరి జల్లు చాలు. వేసవి అంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, నూనె చుక్కలు మొదటి జల్లుకు తడిసి జిగటగా జారుతాయి. బాబాయి కారు జారింది అలాంటి రోజునే గదా!

పందెం కార్లు ఏం చెబుతున్నాయి?

గాంధీనగర్ నుంచి ట్యాంక్ బండ్ దాటితే హుస్సేన్ సాగర్ అవతలి ఒడ్డున ఎన్.టి.ఆర్. మార్గ్ వస్తుంది. 2023 ఫిబ్రవరి 11న ఆ వీధుల్లోనే ఫార్ములా ఇ అనే ప్రపంచస్థాయి విద్యుత్ కార్ల పందెం జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.

ఆ పందెంలో టైర్ల సంగతి గమనించదగినది. ఫార్ములా వన్ పందెంలో పొడి రోడ్డుకు గాడులే లేని నున్నటి టైర్లు వేస్తారు. వాన వస్తే ఆగి, గాడులున్న వేరే టైర్లు మార్చుకుంటారు. ఫార్ములా ఇ కార్లకు మాత్రం ఎండకూ వానకూ ఒకే రకం టైర్లు, అవి కూడా గాడులున్నవి. ఆ సంవత్సరం వాటిని దక్షిణ కొరియాకు చెందిన హాంకుక్ కంపెనీ సరఫరా చేసింది.

బాబాయి పరిస్థితి ఏ పందానికి దగ్గర? ఆయన లైబ్రరీ దగ్గరికో కూరగాయలకో పోయి వచ్చేలోపు వాన పడితే ఆగి టైర్లు మార్చుకోలేడు. ఆ రోజుకు ఏ టైరుందో దానితోనే ఇల్లు చేరాలి. అందుచేత రోడ్డు మీద తిరిగే కారుకు టైరు ఎంచుకునేటప్పుడు మంచి రోజును చూసి కాదు, చెడ్డ క్షణాన్ని తలచుకుని ఎంచుకోవాలి. తడి రోడ్డు, అడ్డం వచ్చిన మనిషి, గట్టిగా తొక్కిన బ్రేకు: అదే పరీక్ష.

దుకాణంలో

ఇంత తెలుసుకున్నాక బాబాయితో కలిసి టైర్ల దుకాణానికి వెళ్లారు. దుకాణదారు నాలుగు రకాలు చూపించాడు. అన్నీ బాబాయి కారు కొలతవే.

మొదటిది పందెం టైరు లాంటిది. రబ్బరు చాలా మెత్తన, గాడులు తక్కువ. "పొడి రోడ్డు మీద దీని పట్టుకు తిరుగులేదు సార్" అన్నాడు. బాబాయి కళ్లు మెరిశాయి. మీరు మెల్లగా, "నీళ్లెటు పోతాయి బాబాయ్?" అని అడిగారు. ఆయన దాన్ని పక్కన పెట్టాడు.

రెండోది విదేశాల నుంచి వచ్చిన మంచు టైరు. పక్కన కొండ, మంచురేకు గుర్తు ఉంది. చలిదేశాల్లో మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి దీన్ని అతి మెత్తని రబ్బరుతో చేస్తారు. మన 40 డిగ్రీల ఎండలో ఇది మరీ మెత్తబడి వదులుగా కదులుతుంది, గబగబా అరిగిపోతుంది. చలికి రబ్బరు గట్టిపడితే ఎంత ముప్పో లోకానికంతకూ తెలిసిన ఉదంతం ఒకటుంది. 1986 జనవరిలో అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ కూలిపోయింది. చలికి బిగుసుకున్న ఒక రబ్బరు చుట్టు వేడి వాయువులను ఆపలేకపోయింది. భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీటిలో ముంచి అందరికీ ఆ సంగతి చూపించాడు. ఏ వాతావరణానికి ఆ రబ్బరు, అదీ నీతి.

మూడోది మన్నిక ఎక్కువ ఉన్న టైరు. దాని మీద ట్రెడ్‌వేర్ 500 అని ఉంది. నాలుగోది స్పోర్ట్స్ రకమే, కాని నాలుగు వెడల్పాటి గాడులు చుట్టూ తిరిగి ఉన్నాయి. దాని మీద ట్రెడ్‌వేర్ 300, ట్రాక్షన్ ఎఎ, టెంపరేచర్ ఎ అని ఉంది. ఇవి అమెరికా ప్రభుత్వ పద్ధతి ప్రకారం వేసే గుర్తులు. ట్రెడ్‌వేర్ అంకె పెద్దదైతే మన్నిక ఎక్కువ. ట్రాక్షన్ అంటే తడి నేల మీద తిన్నగా ఆగే శక్తి. ఎఎ అన్నిటికన్నా మెరుగు, తరువాత ఎ, బి, సి. టెంపరేచర్ అంటే వేడిని తట్టుకునే శక్తి. సాధారణంగా మన్నిక పెంచితే పట్టు కొంత తగ్గుతుంది, పట్టు పెంచితే మన్నిక తగ్గుతుంది. రెండూ సమపాళ్లలో తేవడమే టైరు రసాయనజ్ఞుల నేర్పు. శక్తిగల కారు, వాన పడే ఊరు కాబట్టి నాలుగోదాన్ని ఎంచుకున్నారు. 18 అంగుళాల రిమ్ముల ముచ్చట బాబాయి తానే విరమించుకున్నాడు.

ఆ తరువాత మీరు వరుసగా అయిదు సంగతులు సరిచూశారు. కొలత, బరువు సూచిక, వేగ సూచిక కారు మీది పట్టీతో సరిపోయాయా? ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా? తయారీ తేదీ ఇటీవలిదేనా? నాలుగూ ఒకే రకమా? తిరిగే దిశ చూపే బాణం గుర్తుంటే, టైరును ఆ దిశలోనే బిగించారా? టైరు ఏ కంపెనీదన్నది వీటి తరువాతి మాట. మన సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారం ఉంది. తిరుపతి జిల్లా చినపాండూరులో 2020లో అపోలో కర్మాగారం మొదలైంది. ఎక్కడ తయారైనా టైరు మీది భాష ఒకటే. తడి రోడ్డుపై పట్టు, దొర్లేటప్పటి నిరోధం, శబ్దం, ఈ మూడింటికీ ప్రమాణాలు పాటించాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నియమాలు కూడా తెచ్చింది.

"రెండే కొని ముందు చక్రాలకు వేస్తే డబ్బు కలిసొస్తుంది గదా?" అన్నాడు బాబాయి. రెండే కొనవలసి వస్తే కొత్తవి వెనక చక్రాలకే వేయాలి. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరగక ముందుకు పోతుంది. డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది, వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెనక చక్రాలు జారితే కారు బొంగరంలా తిరుగుతుంది. దాన్ని అదుపు చేయడం చాలా కష్టం. కాని బాబాయి కారుకు నాలుగూ ముసలివే. నాలుగూ మార్చక తప్పదు.

కొత్త టైర్ల మీద అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన నూనె పదార్థం కొంత మిగిలి ఉంటుంది. అందుకని మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిదానంగా నడపాలి. టైరు చల్లగా ఉన్నప్పుడు పదిహేను రోజులకొకసారి గాలి చూసుకోవాలి. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు కనిపిస్తాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైరబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైన రోజున ఆ టైరు పని అయిపోయిందని అర్థం.

చేసి చూడండి

1. ఒక నున్నటి చెక్కపలక మీద కొత్త పెన్సిలు రబ్బరునూ, గట్టిపడిన పాత రబ్బరునూ పక్కపక్కన పెట్టండి. పలక ఒక చివరను మెల్లగా పైకెత్తండి. ఏది ముందు జారింది? జారినప్పుడు పలక ఎత్తును నేల మీది అడ్డదూరంతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. పలకను తడిపి మళ్లీ చేయండి.

2. సైకిలు వెనక టైరును తడిపి, గ్రాఫు కాగితం మీద నిలబెట్టి, మీ స్నేహితుణ్ణి ఎక్కించండి. తడి మరకలోని గళ్లు లెక్కపెట్టండి. గాలి కొంచెం తీసి మళ్లీ చేయండి. మరక పెరిగిందా, తగ్గిందా?

3. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న స్కూటరు, కారు టైర్ల మీది నాలుగంకెలను రాసుకోండి. వాటి వయస్సు లెక్క కట్టండి. అన్నిటికన్నా ముసలి టైరు ఎవరిదో వారికి చెప్పండి. స్టెప్నీని మరచిపోకండి. డిక్కీలో పడి ఉన్నా దాని వయస్సు పెరుగుతూనే ఉంటుంది.

ఆలోచించండి

1. 195/65 ఆర్ 15 టైరు వేసిన చక్రం వ్యాసమెంత?
2. మనం వాడిన ఆగే దూరం సూత్రంలో కారు బరువు ఎక్కడా రాలేదు. ఎందుకు?

జవాబులు: 1. పక్కభాగం 126.75, రిమ్ము 381, మొత్తం 634.5 మిల్లీమీటర్లు. 2. బరువు పెరిగితే ఆపవలసిన ద్రవ్యరాశి పెరుగుతుంది, ఘర్షణ బలం కూడా అదే పాళ్లలో పెరుగుతుంది. రెండూ కొట్టివేయబడతాయి. రబ్బరు ఆ నియమానికి పూర్తిగా లొంగదు కాబట్టి ఇది కూడా సుమారైన లెక్కేనని గుర్తుంచుకోండి.